మూడేళ్ల ఆదివారాలు

చదరంగం కనిపెట్టిన పండితుడు రాజుగారిని గింజలు అడిగిన కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా గడిగడికీ రెట్టింపు. అరవైనాలుగు గళ్లూ నిండేసరికి లెక్క 1,84,46,74,40,73,70,95,51,615 దగ్గర తేలుతుంది. తెలుగులో ఈ సంఖ్య పద్యంలోకి కూడా ఎక్కింది. పావులూరి మల్లన పేరున చెప్పుకునే ఆ పద్యంలో చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, ఆకాశమంటే సున్న. అలా ఒక్కో అంకెకూ ఒక్కో మాట పెట్టి, కుడి నుంచి ఎడమకు ఇరవై అంకెలనూ వరసగా పేర్చేశాడు కవి. ఎక్కాలు మరిచిపోయినా పద్యం నోట్లో నిలుస్తుందని ఆయనకు తెలుసు.

అదే పటానికి మరో మూడు గళ్లు తగిలిద్దాం. అరవైఏడో గడి దాకా గింజలు పోస్తే మొత్తం 14,75,73,95,25,89,67,64,12,927 అవుతుంది. ఇరవైఒక్క అంకెలు. రెండును అరవైఏడుసార్లు వేసి గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య. చూడడానికి పాతదానికి అన్నగారిలా ఉంది గానీ, స్వభావంలో రెండింటికీ పోలికే లేదు. మొదటిది అడిగీ అడగ్గానే తన లోపలి సంగతంతా చెప్పేస్తుంది. రెండోది 1644లో అచ్చులోకెక్కి, 1903 దాకా నోరు విప్పలేదు.

మొదటిది అంత తేలిగ్గా ఎందుకు లొంగిందంటే, 64 సరి సంఖ్య కాబట్టి. బళ్లో నేర్చుకున్న వర్గాల భేదం సూత్రం చాలు: 2⁶⁴ − 1 అంటే (2³² − 1), (2³² + 1)ల లబ్ధం. అందులో మొదటి ముక్క మళ్లీ అదే సూత్రంతో రెండవుతుంది, దాని మొదటి ముక్క మళ్లీ రెండు. చివరికి 3, 5, 17, 257, 65,537 మిగులుతాయి. కొరుకుడు పడనిది 2³² + 1 ఒక్కటే. అది ప్రధాన సంఖ్యేనని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో నిశ్శేషంగా భాగించి చూపించాడు. రెండో భాగం 67,00,417. రాజుగారి గింజలన్నీ ఆ ఏడు సంఖ్యల లబ్ధం.

67 దగ్గర ఈ సూత్రం పనిచేయదు. 67 ప్రధాన సంఖ్య, ఎటూ విరగదు. పైన ఉన్న ఘాతం విరిగితే కింది సంఖ్య తప్పకుండా విరుగుతుంది. ఘాతం విరగకపోతే మాత్రం ఏ హామీ లేదు. 2, 3, 5, 7 ఘాతాలకు 3, 7, 31, 127 వస్తాయి, అన్నీ ప్రధానాలే. ఇదేదో బాగుందనుకునే లోపు 11 దగ్గర 2047 వచ్చి, అది 23, 89ల లబ్ధమని తేలుతుంది. 13, 17, 19 మళ్లీ ప్రధానాలనిస్తాయి. 23 ఇవ్వదు. ఇందులో వరస ఏమైనా ఉందా అన్న ప్రశ్న నాలుగు శతాబ్దాలుగా మనుషుల్ని కూర్చోబెట్టి లెక్కలు చేయిస్తోంది.

దీని వెనక ఇంకా పాత కోరిక ఒకటి ఉంది. 6 తన భాజకాలైన 1, 2, 3ల మొత్తానికి సమానం. 28 కూడా అంతే: 1, 2, 4, 7, 14 కలిపితే 28. వీటిని పరిపూర్ణ సంఖ్యలన్నారు గ్రీకులు. 2ను కొన్నిసార్లు గుణించి ఒకటి తీసేస్తే ప్రధాన సంఖ్య వస్తే, దాని నుంచి ఒక పరిపూర్ణ సంఖ్యను తయారు చేయవచ్చని యూక్లిడ్ నిరూపించాడు. కాబట్టి ఈ వేట ఉత్త అంకెల సరదాగా మొదలైంది కాదు. సృష్టిలో ఏదో సౌష్ఠవం దాగి ఉందని నమ్మినవాళ్లు మొదలుపెట్టారు.

మారన్ మెర్సెన్ అలా నమ్మినవారిలో ఒకడు. పారిస్‌లో మఠంలో ఉండే సన్యాసి. స్వయంగా మహా గణితజ్ఞుడేమీ కాడు గానీ, పదిహేడో శతాబ్దపు మొదటి సగంలో యూరప్ పండితులకు ఆయన గదే తపాలా కార్యాలయం. డెకార్ట్ ఏం రాశాడో ఫెర్మాకు, ఫెర్మా ఏం కనిపెట్టాడో మిగతావాళ్లకు ఆయన ఉత్తరాల ద్వారానే తెలిసేది. శాస్త్ర పత్రికలు ఇంకా పుట్టని రోజులవి. 1644లో అచ్చయిన తన పుస్తకం ముందుమాటలో ఆయన ఒక జాబితా ఇచ్చాడు: 257 దాకా ఉన్న ఘాతాలలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమే ప్రధాన సంఖ్యలనిస్తాయి, మిగతావేవీ ఇవ్వవు.

ఎలా తెలిసిందో చెప్పలేదు. 19 దాకా అప్పటికే లెక్కగట్టి ఉన్నవే. 23 పనికిరాదని, 37 పనికిరాదని ఫెర్మా 1640లోనే చూపించాడు. ఆ పైవి చేత్తో పరీక్షించే మార్గం ఆనాడు ఎవరి దగ్గరా లేదు, మెర్సెన్ దగ్గర అసలే లేదు. జాబితాలోని పెద్ద సంఖ్యల్ని గమనిస్తే 31, 67, 127, 257 అన్నీ 32, 64, 128, 256లకు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. ఏదో పోలిక పట్టుకుని ఊహించి ఉంటాడన్నది చాలామంది అభిప్రాయం. 61 అని రాయబోతే అచ్చులో 67 పడిందని వాదించేవాళ్లూ ఉన్నారు. నాకైతే మొదటిదే నమ్మబుద్ధేస్తుంది. ఊహను ఊహ అని చెప్పకపోవడంలోనే ఉంది గడుసుదనం. అలా చెప్పి ఉంటే రెండున్నర శతాబ్దాలు ఎవరు వెంటపడేవారు?

వెంటపడడమూ అంత వేగంగా ఏం జరగలేదు. 31 ఘాతానిది, అంటే 2,14,74,83,647, నిజంగానే ప్రధాన సంఖ్య అని ఆయిలర్ తేల్చేసరికి 1772 వచ్చింది. అప్పటికి ఆయన చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత 1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు, దీని నుంచి పుట్టే పరిపూర్ణ సంఖ్యే మనిషి ఎప్పటికైనా కనుక్కోబోయే వాటిలో అతి పెద్దదని పుస్తకంలో రాసేశాడు. ఇవి వింతకే తప్ప ఎందుకూ కొరగావు కాబట్టి, ఇంతకు మించి వెతికే ఓపిక ఎవరికీ ఉండదని ఆయన ధీమా. ఎందుకూ కొరగాని పని కోసం మనిషి ఎంత దూరం వెళ్తాడో ఆయనకు అంచనా లేకపోయింది.

ఎదువార్ లూకస్‌ను చూసి ఉంటే మాట మార్చుకునేవాడు. ఆమియాన్‌లో పుట్టి, ఫ్రాన్సు ప్రష్యాల యుద్ధంలో ఫిరంగి దళంలో పనిచేసి, తర్వాత ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పుకున్న మనిషి. 1876లో ఆయన ప్రకటించినవి రెండు. 127 ఘాతానికి వచ్చే 39 అంకెల సంఖ్య ప్రధానం. 67 ఘాతానిది కాదు. మొదటి ప్రకటనకే పేరు ఎక్కువ వచ్చింది. యంత్రం సాయం లేకుండా చేత్తో తేల్చిన మెర్సెన్ ప్రధానాల్లో ఇప్పటికీ అదే పెద్దది. మన కథకు మాత్రం రెండోది ముఖ్యం. మెర్సెన్ జాబితాలో తప్పు పట్టినవాడు లూకసే. పట్టిన తీరు ఎవరూ ఎరగనిది.

ఆ రోజుల దాకా ఒక సంఖ్య ప్రధానం కాదని చెప్పాలంటే దాన్ని భాగించే సంఖ్యను తెచ్చి చూపించడమే అలవాటు. ఫెర్మా 223ను చూపించాడు, ఆయిలర్ 641ని చూపించాడు. లూకస్ దేన్నీ చూపించలేదు. అసలు భాగించి చూడలేదు. ఆయన పద్ధతిని 1930లో డి.హెచ్. లెమర్ సాపుచేసిన రూపంలో చెబితే ఇలా ఉంటుంది. 4తో మొదలుపెట్టు. వర్గం చెయ్యి, 2 తీసెయ్యి. పరీక్షించాల్సిన సంఖ్య కన్నా పెద్దదైతే దాంతో భాగించి శేషం ఉంచుకో. మళ్లీ వర్గం, మళ్లీ 2 తీసివేత. ఘాతం కన్నా రెండు తక్కువసార్లు ఇలా చేశాక సున్న వస్తే ప్రధానం, రాకపోతే కాదు. అంతే, మధ్యస్థం లేదు.

31తో చేసి చూడండి. ఘాతం 5, కాబట్టి మూడుసార్లు. 4 నుంచి 14. పద్నాలుగు వర్గం 196, రెండు తీస్తే 194, దాన్ని 31తో భాగిస్తే 8 మిగులుతుంది. ఎనిమిది వర్గం 64, రెండు తీస్తే 62, అది 31కి సరిగ్గా రెండింతలు. సున్న. 31 ప్రధానం. ఇప్పుడు 2047. తొమ్మిదిసార్లు తిప్పాలి: 14, 194, 788, 701, 119, 1877, 240, 282, చివరికి 1736. సున్న రాలేదు, కాబట్టి 2047 విరుగుతుంది. ఎక్కడ విరుగుతుంది? ఆ 1736ని ఎంత తేరిపార చూసినా అందులో 23 కనపడదు, 89 కనపడదు. నేరం జరిగిందని న్యాయంగా రుజువైంది, దొంగ మాత్రం పట్టుబడలేదు.

67 ఘాతం సంఖ్యకు ఇలాంటి వర్గాలు అరవైఐదు కావాలి. ఒక్కోటీ ఇరవైఒక్క అంకెల సంఖ్యను దాంతోనే గుణించి, మళ్లీ ఇరవైఒక్క అంకెల సంఖ్యతో భాగించడం. ఓర్పున్నవాడికి కొన్నాళ్ల పని. లూకస్‌కు ఓర్పుతో పాటు చిలిపితనమూ ఉండేది. 1883లో ‘సయాం దేశపు క్లాస్’ అన్న మారుపేరుతో ఒక ఆటవస్తువు అమ్మకానికి పెట్టాడు. మూడు కడ్డీలు, ఒకదాని మీద చిన్నా పెద్దా బిళ్లలు. హనోయ్ గోపురం అని ఈనాటికీ కంప్యూటర్ చదివే ప్రతి పిల్లవాడి చేతా రాయించేది అదే. దానికి తగిలించిన కథలో మన కాశీ కూడా ఉంది. కాశీలో ఒక గుడి, అందులో అరవైనాలుగు బంగారు బిళ్లలు, పూజారులు రాత్రింబవళ్లు వాటిని ఒక కడ్డీ నుంచి మరో కడ్డీకి మారుస్తూ ఉంటారు, పూర్తయిన రోజు ప్రళయం. ఎన్నిసార్లు కదపాలి? 2⁶⁴ − 1 సార్లు. మల్లన పద్యంలోని సంఖ్యే. కాశీలో అలాంటి గుడి ఏదీ లేదన్నది వేరే మాట. మరో మూడు బిళ్లలు వేసి ఉంటే, లూకస్ తాను పడగొట్టిన సంఖ్యనే ఆటలో పెట్టినట్టయ్యేది.

1891లో, యాభై ఏళ్లు నిండకముందే, ఒక విందులో పగిలిన పింగాణీ పెంకు చెంపకు గుచ్చుకుని, ఆ గాయం చెడి ఆయన పోయాడు. అప్పటికి 67 ఘాతం సంఖ్యను భాగించే సంఖ్యలేమిటో ఆయనకు తెలియదు, ఇంకెవరికీ తెలియదు.

గుణించడం ఎంత తేలికో విడగొట్టడం అంత కష్టమన్న సంగతి ఆ తరం వాళ్ల మనసులో మెదులుతూనే ఉంది. స్టాన్లీ జెవన్స్ అనే ఇంగ్లీషు తర్కవేత్త 1874లో వేసిన పుస్తకంలో 8,61,64,60,799 అని రాసి, ఏ రెండు సంఖ్యల్ని గుణిస్తే ఇది వస్తుందో చెప్పగలరా అని పాఠకుల్ని సవాలు చేశాడు. తను తప్ప ఎవరూ ఎప్పటికీ తెలుసుకోలేరని ఆయన లోపలి నమ్మకం. కొన్ని దశాబ్దాలకే 89,681, 96,079 అని విప్పేశారు. పందెం ఓడిపోయాడు గానీ గమనింపు మాత్రం అక్షరాలా నిజం. దాని విలువ తెలియడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

ఇక ఫ్రాంక్ నెల్సన్ కోల్. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1861లో పుట్టాడు. హార్వర్డ్‌లో చదివి, జర్మనీ వెళ్లి ఫెలిక్స్ క్లైన్ దగ్గర నేర్చుకుని, చివరికి న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. ఆయన అసలు రంగం సంఖ్యలు కాదు, సమూహ సిద్ధాంతం. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీకి పాతికేళ్లు కార్యదర్శి. పత్రిక చూడడం, సభలు ఏర్పాటు చేయడం, ఉత్తరాలకు జవాబులు రాయడం, అంతా ఆయనే. ఇలాంటివాళ్లను సంస్థలు బాగా వాడుకుంటాయి, చరిత్రలు తొందరగా మరిచిపోతాయి. కోల్ మరుపున పడకుండా ఆపింది ఒక్క శనివారం.

1903 అక్టోబర్ 31. సొసైటీ సభ న్యూయార్క్‌లో. పెద్ద సంఖ్యల విభజన గురించి కోల్ ప్రసంగం ఉంది. ఆయన లేచి బల్ల దగ్గరికి వెళ్లి, నోరు విప్పకుండా, సుద్దముక్కతో రెండు అరవైఏడో ఘాతాన్ని గుణించుకుంటూ పోయాడు. ఒకటి తీసేశాడు. ఇరవైఒక్క అంకెలు. బల్లకు రెండో పక్క ఖాళీ చోట 19,37,07,721 వేసి, దాని కింద 7,61,83,82,57,287 వేసి, చేత్తో నిలువుగా గుణించాడు. వరసకు వరస కూడాడు. రెండు పక్కలా ఒకటే సంఖ్య. సుద్దముక్క పెట్టేసి వచ్చి కూర్చున్నాడు. సభ చప్పట్లతో మోగిపోయింది. ఒక్కరూ ప్రశ్న అడగలేదు.

ఈ దృశ్యం ఎరిక్ టెంపుల్ బెల్ అనే గణితజ్ఞుడు 1951లో వేసిన పుస్తకం నుంచి ప్రపంచమంతా పాకింది. బెల్ గొప్ప కథకుడు, గణితజ్ఞుల జీవితాల్ని నవలల్లా రాసినవాడు. కథ రక్తి కట్టాలంటే వాస్తవానికి కాస్త తాళింపు పెట్టడం ఆయనకు అలవాటేనని తర్వాతి చరిత్రకారులు చాలాసార్లు పట్టుకున్నారు. సభ జరిగిన నలభై ఎనిమిదేళ్లకు రాశాడు మరి. కాబట్టి కోల్ నిజంగా ఒక్క మాటా మాట్లాడలేదా అన్నది ఎవరి నమ్మకం వాళ్లది. ఈ పని ఎంత కాలం పట్టిందని 1911లో తాను అడిగితే, ‘మూడేళ్ల ఆదివారాలు’ అని కోల్ జవాబిచ్చాడని కూడా బెల్ రాశాడు. ఈ జవాబులో మాత్రం నాకు అతిశయోక్తి కనపడదు. వారమంతా సొసైటీ చాకిరీ, పాఠాలు. మిగిలేది ఆదివారమే కదా.

అసలు ఆశ్చర్యం బల్ల మీది గుణకారంలో లేదు. ఆ రెండు సంఖ్యలూ చేతికిస్తే అరగంటలో ఎవరైనా గుణిస్తారు. వాటిని ఎలా పట్టాడన్నదే ప్రశ్న. దానికి జవాబు అదే ఏడాది డిసెంబర్ సంచికలో ఆయన అచ్చువేసిన నాలుగు పేజీల వ్యాసంలో ఉంది. బెల్ చెప్పిన మౌన ప్రసంగం తెలిసినంతమందికి ఈ నాలుగు పేజీలు తెలియకపోవడం అన్యాయం.

వరసగా భాగించుకుంటూ పోతే ఏమయ్యేదో ముందు చూద్దాం. ఫెర్మా ఇచ్చిన సూత్రం ఒకటి పని తగ్గిస్తుంది: ఈ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 134తో భాగిస్తే ఒకటే మిగలాలి. అంటే 134కి ఏదో గుణిజం, దానికి ఒకటి కలపాలి. ఇదొక్కటే చేతిలో ఉంటే, 19,37,07,721 ఈ వరసలో ఎన్నోదో తెలుసా? 14,45,580వది. అందులో సగం ఇంకో సూత్రంతో పోతాయి. మిగిలినవాటిలో ప్రధానాల్ని మాత్రమే ఏరుకుందామంటే, ఆనాడు అచ్చయిన ప్రధాన సంఖ్యల పట్టికలు 90 లక్షల దగ్గరే ఆగిపోయాయి. కావాల్సింది 19 కోట్ల పైన. ఆదివారాలు కాదు, జన్మలు కావాలి.

కోల్ పక్కదారి పట్టాడు. ఆ దారీ ఫెర్మా వేసిందే. ఒక బేసి సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమైతే, ఆ రెండింటి సగటు వర్గంలోంచి వాటి తేడాలో సగం వర్గాన్ని తీసేస్తే అదే సంఖ్య వస్తుంది. 15 అంటే 3, 5ల లబ్ధం. సగటు 4, సగం తేడా 1. పదహారులోంచి ఒకటి తీస్తే పదిహేను. కాబట్టి కారణాంకాల్ని వెతికే బదులు సగటును వెతకవచ్చు. ఒక సగటును ఊహించి, దాని వర్గంలోంచి మన సంఖ్యను తీసెయ్. మిగిలింది పూర్ణవర్గమైతే పని అయిపోయినట్టే.

చిక్కేమిటంటే ఆ సగటు 1,214 కోట్ల పైన ఎక్కడైనా ఉండవచ్చు. అసలు జవాబు 38,101 కోట్ల దగ్గర ఉంది. ఒక్కొక్కటే చూసుకుంటూ పోలేం. పెద్ద పెద్ద అంగలు వేయాలి, జవాబును దాటిపోకూడదు.

ఆ అంగను కొలవడానికే ఆదివారాలు ఖర్చయ్యాయి. ఏదైనా సంఖ్య వర్గాన్ని మన పెద్ద సంఖ్యతో భాగిస్తే చిన్న శేషం మిగిలిందనుకోండి. ఆ చిన్న శేషం, మన సంఖ్య తాలూకు తెలియని కారణాంకాలకు కూడా వర్గ శేషమే అవుతుంది. ఉదాహరణ చేతిలోనే ఉంది. 2⁶⁷ను మన సంఖ్యతో భాగిస్తే 1 మిగులుతుంది కదా. అయితే 2⁶⁸కి 2 మిగలాలి. 2⁶⁸ అంటే 2³⁴ వర్గం. కాబట్టి 2 వర్గ శేషం. అంతమాత్రంతోనే, కారణాంకాల్ని 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి తప్ప 3, 5 మిగలకూడదని తేలిపోతుంది. ఇందాక సగం పోతాయన్న సూత్రం ఇదే. ఇలాంటి చిన్న శేషాలు ఎన్ని దొరికితే దాక్కున్నవాటి గురించి అన్ని ఆనవాళ్లు. 3తో భాగిస్తే ఇది మిగలాలి, 5తో అయితే అది, 7తో అయితే ఇంకోటి. కోల్ వీటిని ఒక్కొక్కటిగా పోగుచేశాడు.

అన్నీ కలిపాక తేలిన నిబంధన ఇది: సగటును 132,35,36,760తో భాగిస్తే 116,09,32,384 మిగలాలి. ఆ మొదటి సంఖ్యను విడగొడితే 8, 81, 5, 7, 13, 67, 67ల లబ్ధం. అందులో రెండు 67లు ఉండడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. రెండు కారణాంకాలూ 67 గుణిజానికి ఒకటి ఎక్కువ కాబట్టి, వాటి మొత్తాన్ని 67 వర్గంతో భాగిస్తే ఏం మిగలాలో పెద్ద సంఖ్యను చూసి ముందే చెప్పేయవచ్చు. ఒక్క ఆనవాలు పెట్టి రెండుసార్లు లాభం తీశాడు. మిగతావి వర్గ శేషాల కష్టార్జితం.

అలా ఒక్కో అంగా 132 కోట్లు దాటింది. మొదటి కొన్ని అంగలు 1,214 కోట్ల లోపే పడతాయి కాబట్టి వాటిని వదిలేయవచ్చు. అక్కడి నుంచి ప్రతి చోటా ఆగి, వర్గం చేసి, తీసేసి, మిగిలింది పూర్ణవర్గమా కాదా చూడడం. 287వ అంగ దగ్గర సగటు 3,81,01,59,82,504, సగం తేడా 3,80,82,22,74,783. రెండింటినీ తీసివేస్తే చిన్న కారణాంకం, కూడితే పెద్దది. వరసగా భాగిస్తే లక్షల పరీక్షలు అయ్యేచోట, చివరి నడకలో కోల్‌కు 280 లోపే సరిపోయాయి.

మెర్సెన్ జాబితాకు ఇది చివరి దెబ్బ కాదు. ఉరల్ ప్రాంతంలో ఒక పల్లె చర్చి పురోహితుడు ఇవాన్ పెర్వూషిన్ 1883లోనే 61 ఘాతం ప్రధానాన్నిస్తుందని తేల్చాడు. జాబితాలో అది లేదు. రైల్వేలో ఉద్యోగం చేసుకునే ఆర్.ఇ. పవర్స్ అనే అమెరికన్ 1911లో 89ని, 1914లో 107ని పట్టాడు. అవీ లేవు. జాబితాలో ఉన్న 257 పనికిరాదని తర్వాత తేలింది. మొత్తం ఐదు తప్పులు. పేరు మాత్రం మెర్సెన్‌దే మిగిలింది.

కోల్ వాడిన ఉపాయం అక్కడితో ఆగలేదు. ‘3తో భాగిస్తే ఇది, 5తో భాగిస్తే అది’ అన్న ఏరివేతను మనిషి ఎందుకు చేయాలి, చక్రాలు చేయలేవా అనుకున్నాడు కాలిఫోర్నియాలో ఒక కుర్రాడు. అతనే ఇందాక చెప్పిన డి.హెచ్. లెమర్. 1926లో సైకిల్ గొలుసులు తెచ్చి, ఒక్కో ప్రధాన సంఖ్యకు తగిన పొడవులో ఒక్కో గొలుసు కట్టి, మోటారుతో తిప్పాడు. అన్ని నిబంధనలూ ఒకేసారి కలిసిన క్షణాన యంత్రం ఆగేది. 1931లో అదే లెమర్, రైల్వే పవర్స్‌తో కలిసి, చిన్న వర్గ శేషాల్ని గుట్టలుగా పుట్టించే పద్ధతి ఒకటి రాశాడు. అది నలభై ఏళ్లు ఎవరికీ పెద్దగా పట్టలేదు. 1970లో మైకేల్ మారిసన్, జాన్ బ్రిల్‌హార్ట్ దాన్ని కంప్యూటర్‌కెక్కించి 2¹²⁸ + 1ని విడగొట్టారు. 39 అంకెల సంఖ్య అది. 1981లో కార్ల్ పామరెన్స్ అదే ఆలోచనను ఇంకా పదునుపెట్టి వర్గ జల్లెడ అన్నాడు.

అప్పటికి జెవన్స్ మాట కొత్త బట్టలు వేసుకుని వచ్చేసింది. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్మన్ అనే ముగ్గురు, గుణించడం తేలిక విడగొట్టడం కష్టం అన్న ఆ ఒక్క తేడా మీదే రహస్య లిపిని కట్టారు. బ్యాంకు లావాదేవీల మొదలు ప్రభుత్వాల ఉత్తరాల దాకా ఎన్నో దాని కాపలాలో నడిచాయి, నడుస్తున్నాయి. వింతకే తప్ప ఎందుకూ కొరగావని బార్లో అన్న సంఖ్యల చుట్టూ తిరిగిన పనే ఇది. ముగ్గురూ బహిరంగంగా విసిరిన 129 అంకెల సవాలుకు వంద డాలర్ల బహుమతి పెట్టారు. 1994లో అది పామరెన్స్ జల్లెడకే చిక్కింది, కానీ దేశదేశాల్లో దాదాపు ఆరు వందలమంది తమ కంప్యూటర్లను ఎనిమిది నెలలు దానికి అప్పగిస్తే గానీ కాలేదు. కోల్ సంఖ్యను ఈ రోజు మీ చేతిలోని ఫోను రెప్పపాటులో విడగొడుతుంది.

లూకస్ పరీక్ష మాత్రం రిటైరవలేదు. 2024 అక్టోబర్‌లో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 అనే ప్రధాన సంఖ్యలో అంకెలే 4,10,24,320. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, శేషం ఉంచుకునే ఆ పాత లెక్కతోనే దాన్ని ఖాయం చేశారు. అంత పెద్దదానికి పనిచేసే పరీక్ష చిన్నవాటి విషయంలోనూ లూకస్ నాటి లోటుతోనే ఉంది. విరుగుతుందో లేదో చెబుతుంది, ఎక్కడో చెప్పదు. 2¹²⁷⁷ − 1 తీసుకోండి. 385 అంకెలు. ప్రధానం కాదని ఎప్పుడో తేలిపోయింది. దాన్ని భాగించే సంఖ్యల కోసం ఎన్నో కంప్యూటర్లు ఏళ్ల తరబడి గాలిస్తూనే ఉన్నాయి. ఇది రాసే నాటికి ఒక్కటీ దొరకలేదు.